క్యోటోలో ఏడాది ఎక్స్‌ఛేంజ్ చదువు: తరగతి గది బయటి జీవితం గురించి చెప్పండి

వెన్నెలదారి

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మా కళాశాలకు క్యోటోలోని ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంది. దాని కింద ఏడాది పాటు అక్కడ చదవడానికి ఎంపికయ్యాను. సెప్టెంబరు చివరి వారంలో ప్రయాణం. వీసా వచ్చింది, విశ్వవిద్యాలయ హాస్టల్లో గది ఖాయమైంది. జాస్సో (జపాన్ విద్యార్థి సేవల సంస్థ) ఉపకార వేతనం నెలకు 80,000 యెన్లు ఇస్తామని ఉత్తరం కూడా అందింది.

చదువు గురించి నాకు బెంగ లేదు. మిగతా రోజంతా ఎలా గడుస్తుందన్నదే ఆలోచన. నేను శాకాహారిని. గుడ్డు తింటాను, చేపా మాంసమూ ముట్టను. జపనీస్‌లో హిరగానా, కతకానా లిపులు చదవగలను, చిన్న చిన్న మాటలు వచ్చు, అంతే. వెళ్లగానే ఏ పనులు ముందు చూసుకోవాలి? తిండి ఎలా? ఈ డబ్బు సరిపోతుందా? స్నేహితులు దొరుకుతారా? ఈ చివరి ప్రశ్నే రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. అక్కడ ఉండి వచ్చినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

తూర్పుకిటికీ

అభినందనలు వెన్నెలదారి గారూ. నేను క్యోటోలోనే చదివి వచ్చాను. తిండి సంగతి ఇంకొకరు చెబుతారు, నేను కాగితాల సంగతి చెబుతాను. మొదటి రెండు వారాలూ వాటితోనే గడుస్తాయి. విడివిడిగా చూస్తే ఏదీ కష్టం కాదు. అయితే ఒక పని పూర్తయితేనే ఇంకొకటి కదులుతుంది, అందుకే వరుస ముఖ్యం.

కన్సాయ్ విమానాశ్రయంలో దిగగానే నివాస కార్డు అక్కడే చేతికిస్తారు. బయటికి వెళ్లినప్పుడల్లా అది వెంట ఉండాలి, చట్టం అలా చెబుతుంది. కార్డు వెంట ఉంటే పాస్‌పోర్టు గదిలో పెట్టుకోవచ్చు. పార్ట్‌టైమ్ పని చేసే ఆలోచన ఏ మూలన ఉన్నా, దాని అనుమతి దరఖాస్తు విమానాశ్రయంలోనే ఇచ్చేయండి. అక్కడ వదిలేస్తే తరువాత ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లి ఇచ్చి, జవాబు కోసం ఎదురుచూడాలి.

హాస్టల్లో దిగాక 14 రోజుల్లోపు మీ ప్రాంతపు వార్డు కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని కార్డు వెనుక ముద్రిస్తారు. అది పడేదాకా బ్యాంకు ఖాతా తెరవలేరు, ఫోను నంబరు దొరకడమూ కష్టమే. వెళ్లిన రోజునే, అదే భవనంలో జాతీయ ఆరోగ్య బీమాలో చేరండి. మూడు నెలలకు మించి ఉండే విద్యార్థులందరికీ అది తప్పనిసరి. చేరాక వైద్య ఖర్చులో మీ వాటా 30 శాతమే. జపాన్‌లో ఆదాయం లేదని తెలిపే ఫారం నింపితే ప్రీమియం బాగా తగ్గుతుంది, ఆ ఫారం అడిగి మరీ తీసుకోండి. 20 ఏళ్లు నిండితే జాతీయ పింఛను పథకంలో కూడా పేరు నమోదవుతుంది. కట్టలేని విద్యార్థులకు మినహాయింపు మార్గాలు ఉన్నాయి. మీలాంటి స్వల్పకాల విద్యార్థికి ఏ ఫారం వర్తిస్తుందో అదే కౌంటర్లో తేల్చుకుని రండి. ఇంటికి బిల్లు వచ్చాక కంగారు పడే అవసరం ఉండదు.

బ్యాంకుల్లో చాలావరకు ఆరు నెలలు నిండని విదేశీయులకు పూర్తి ఖాతా ఇవ్వడానికి ఇష్టపడవు. తపాలా బ్యాంకు కొంత సులువు. ఎక్కువమంది విద్యార్థులు అక్కడే తెరుస్తారు.

డబ్బు గురించి: విశ్వవిద్యాలయ హాస్టల్ అయితే, సొంతంగా వండుకుంటే, 80,000తో నెల గడుస్తుంది. ప్రైవేటు గది అయితే చాలదు. జాస్సో వారి వేతనానికి ప్రతి నెలా విశ్వవిద్యాలయ కార్యాలయంలో స్వయంగా సంతకం పెట్టాలి, ఊళ్లు తిరిగే ప్రణాళికలు ఆ తేదీలు చూసుకుని వేసుకోండి. మొదటి వాయిదా చేతికి రావడానికి సమయం పడుతుంది. రెండు నెలల ఖర్చు మీ దగ్గర ఉంచుకునే విమానం ఎక్కండి.

పచ్చగడప

తిండి గురించి నేను చెబుతాను. నేనూ శాకాహారినే, ఒసాకాలో చదివాను.

మాంసం కంటికి కనబడుతుంది కాబట్టి దానితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా దాషీతో. కత్సుఒబుషి అనే ఎండబెట్టి పొగపట్టిన చేప తురుముతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాచే రసం అది. మిసో సూపులో, నూడుల్స్ రసంలో, ఉడికించిన కూరగాయల్లో, కొన్నిచోట్ల గుడ్డు అట్టులో కూడా ఉంటుంది. వడ్డించేవారికి అందులో చేప ఉందన్న ధ్యాసే ఉండదు, ఉప్పులాగే అదీ ఒక రుచి వారికి. "మాంసం లేదు కదా?" అని అడిగితే "లేదు" అంటారు, నిజాయితీగానే. అందుకే ప్రశ్న మార్చి అడగాలి. "చేప రసం కూడా వద్దు, కత్సుఒబుషి వద్దు" అని జపనీస్‌లో రాయించుకుని ఫోనులో పెట్టుకోండి.

దుకాణంలో పొట్లాల మీద అలర్జీ పట్టిక చూసి నమ్మేయకండి. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య వంటివి అందులో తప్పనిసరిగా రాయాలి. కోడి, పంది, ఎద్దు మాంసాలకు ఆ నిర్బంధం లేదు. కాబట్టి మొత్తం పదార్థాల జాబితాను ఫోను కెమెరాతో అనువదించి చదవాలి. జపనీస్ కర్రీ చేయడానికి అమ్మే మసాలా దిమ్మల్లో పశువుల కొవ్వు, కొన్ని బ్రెడ్లలో పంది కొవ్వు, కొన్ని పెరుగు డబ్బాల్లో జెలటిన్ (పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది), నత్తో అనే పులిసిన సోయాగింజలతో వచ్చే చిన్న సాస్ పొట్లంలో చేప రసం ఉంటాయి. మొదటి నెల ఇది విసుగు పుట్టిస్తుంది. ఆ తరువాత ఏ వస్తువు కొనవచ్చో కంటికే తెలిసిపోతుంది.

క్యోటోకు వెళ్తున్నారు, అది మీ అదృష్టం. బౌద్ధాలయాల ఊరు కాబట్టి టోఫు, యుబా అంత బాగా చేసే చోటు ఇంకొకటి లేదని నా నమ్మకం. యుబా అంటే సోయాపాల మీద మీగడలా కట్టే పొర. ఆలయాల్లో పెట్టే షోజిన్ భోజనం పూర్తి శాకాహారం. ఖరీదు ఎక్కువే, కానీ ఒక్కసారైనా తినండి. రోజూ మాత్రం వండుకోవాల్సిందే.

సామాను సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. తాజా ఆకులు, పండ్లు, కూరగాయలు, విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే ఆపేస్తారు. బియ్యం, పప్పులు కూడా అందులోకే వస్తాయి. వాటిని మోయకండి. భారతీయ, నేపాలీ, హలాల్ దుకాణాల్లో కందిపప్పు, సన్నబియ్యం దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మాంసంతో చేసిన ఏ పదార్థమూ లోపలికి రానివ్వరు. సామానులో చోటు మిగిలితే మసాలా పొడులకు, చిన్న కుక్కరుకు ఇవ్వండి.

మందులు మరచిపోకండి. డాక్టరు రాసినవి ఒక నెలకు, మామూలు మందుల దుకాణంలో కొన్నవి రెండు నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే ముందుగా అనుమతి తీసుకోవాలి. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, కోడీన్ మీద గట్టి ఆంక్షలు ఉన్నాయి. చీటీ మీద పేర్లు చూసుకునే సర్దండి.

హాన్‌నదిగట్టు

నేను సియోల్‌లో ఒక సెమిస్టర్ చదివాను. ఈ చర్చ చదివే ఇతరులకు పనికివస్తుందని రాస్తున్నాను. కొరియాలో నివాస కార్డుకు దిగిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి మొదటి వారంలోనే వెతకండి. 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులకు జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి. దారి వెతకడానికి మనకు అలవాటైన మ్యాప్ అక్కడ సరిగా పనిచేయదు, నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ వేసుకోవాలి.

శాకాహారులకు ఒక మాట: కిమ్చీ అనే కొరియా ఊరగాయలో సాధారణంగా ఉప్పులో ఊరిన రొయ్యలో చేపలో వేస్తారు. ఇంకో సంగతి, చాలా భోజనశాలల్లో కొన్ని వంటకాలు కనీసం ఇద్దరికి అయితేనే వడ్డిస్తారు. ఒంటరిగా వెళ్తే వెనక్కి రావాల్సిందే. మొదట్లో బాధ కలిగింది. కానీ "నాతో భోజనానికి వస్తారా?" అని తరగతిలో పక్కన కూర్చున్నవారిని అడగడానికి అదే మంచి సాకు అయింది. అక్కడ ఎవరూ ఆ ప్రశ్నను వింతగా తీసుకోరు.

వెన్నెలదారి

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మందుల సంగతి నాకు అసలు తట్టలేదు. పార్ట్‌టైమ్ పని గురించి కూడా చెప్పగలరా? ఏడాదికే వెళ్తున్నప్పుడు చేయడం మంచిదేనా?

నిలకడ

నా మాట కటువుగా అనిపించవచ్చు, అయినా చెబుతాను. చేయకండి. మీకు ఉపకార వేతనం ఉంది. ఉన్నది ఒక్క ఏడాది. అనుమతి ఉన్న విద్యార్థి వారానికి 28 గంటల దాకా, దీర్ఘ సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా పని చేయవచ్చన్నది నిజమే. కానీ 28 గంటలు పని చేసి, తరగతులకు వెళ్లి, వండుకుని, బట్టలు ఉతుక్కునే విద్యార్థికి ఆ దేశాన్ని చూసే సమయం ఎక్కడిది? సాయంత్రాలన్నీ వంటింటి వెనుక గిన్నెలు కడుగుతూ గడిపి, ఒక్క స్నేహితుడు కూడా లేకుండా తిరిగివచ్చినవారిని చూశాను. డబ్బు అవసరమై చేసేవారి సంగతి వేరు, వారి శ్రమకు నా గౌరవం. అవసరం లేనివారు ఆ గంటలను ఏదైనా క్లబ్బుకు ఇవ్వాలి.

తూర్పుకిటికీ

నిలకడ గారితో సగమే ఏకీభవిస్తాను. 28 గంటలు వద్దు, సరే. వారానికి రెండు సాయంత్రాలు ఒక చిన్న కేఫ్‌లోనో పుస్తకాల దుకాణంలోనో పని చేస్తే తరగతిలో రాని భాష వస్తుంది. గౌరవవాచకాలతో కూడిన జపనీస్‌ను పుస్తకంలో ఎంత చదివినా, ఎదురుగా నిలబడ్డ మనిషితో మాట్లాడినప్పుడే నాలుకకు పడుతుంది. పైగా అక్కడ మిమ్మల్ని అతిథిగా చూడరు, పనివారిలో ఒకరిగా చూస్తారు. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థికి విశ్వవిద్యాలయం లోపల దొరకనిది అదే.

ఒక హెచ్చరిక: బార్లు, పచింకో జూదశాలలు వంటి చోట్ల విద్యార్థి అనుమతితో పని చేయడం నిషేధం. అక్కడ గిన్నెలు కడిగినా తప్పే. వీసాకే ముప్పు.

తైపేవాన

తైవాన్‌లో చదివాను. అక్కడ శాకాహారికి తిండి బెంగ దాదాపు లేదు, బౌద్ధ శాకాహార భోజనశాలలు వీధివీధినా ఉంటాయి. కొన్నింట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. తైపే మెట్రోలో మాత్రం నీళ్లు తాగినా, చూయింగ్ గమ్ నమిలినా జరిమానా పడుతుంది. కనీసం 1,500 తైవాన్ డాలర్లు, 7,500 దాకా.

చెప్పాలనుకున్నది వేరే. అక్కడ చెత్త బండి పాట వాయిస్తూ వీధిలోకి వస్తుంది. మన సంచి మనమే తీసుకెళ్లి అందులో వేయాలి. ఆ సమయానికి వీధిలోని వారంతా సంచులతో నిలబడి ఉంటారు. మా పక్కింటి పెద్దావిడతో నాకు పరిచయం అయింది అక్కడే. తడి చెత్తకు వేరే డబ్బా ఉందని చేత్తో చూపించింది. తరువాత రోజూ పలకరించేది, నా ఉచ్చారణ దిద్దేది, జలుబు చేస్తే వేడినీళ్లు తాగమని కోప్పడేది. స్నేహం అంటే మన వయసువారితోనే అనుకుంటే సగం మనుషులను వదులుకున్నట్టే.

మామిడితోట

మా అమ్మాయి కూడా ఈ ఏడాదే జపాన్ వెళ్తోంది. తండ్రిగా నాకున్న భయం భూకంపాల గురించే. తన ముందు పైకి చెప్పలేకపోతున్నాను. ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

దీపస్తంభం

అయ్యా, మీ భయం సహజం. భూకంపాలు వస్తాయి. ఎక్కువ భాగం గది కిటికీ కాస్త గలగలలాడి ఆగిపోయేవే. 1981లో అక్కడి భవన నిర్మాణ నియమాలను కఠినం చేశారు. అమ్మాయి ఉండబోయే హాస్టల్ ఆ తరువాత కట్టినదేనా, లేదంటే దాన్ని తరువాత బలపరిచారా అని కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడగండి, జవాబిస్తారు. బలమైన కంపం రాబోతుంటే అక్కడి ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి. కొన్ని సెకన్లే దొరకవచ్చు. బల్ల కిందికి దూరడానికి, పొయ్యి కట్టేయడానికి అవి చాలు. హాస్టల్లో మొదటి నెలలోనే కసరత్తు చేయిస్తారు, తప్పకుండా వెళ్లమనండి. సాధారణంగా దగ్గరి పాఠశాలే ఆశ్రయ స్థలంగా ఉంటుంది. అది ఎక్కడో పగటిపూట ఒకసారి నడిచి చూసుకోవాలి.

పోలీసులకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. పెద్ద విపత్తు వచ్చి ఫోన్లు కలవకపోతే 171కు ఫోను చేసి మాట రికార్డు చేసి పెట్టవచ్చు, అమ్మాయి ఫోను నంబరు తెలిసినవారు జపాన్‌లో ఉండి దాన్ని వినవచ్చు. విదేశంలో ఉన్న మీకు ఇంటర్నెట్ సందేశమే ఆధారం. కాబట్టి "కంపం వచ్చిన గంటలోగా బాగున్నానని ఒక్క మాట పంపాలి" అని ఇద్దరూ ముందే అనుకోండి. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. టోక్యోలో మన రాయబార కార్యాలయం, కన్సాయ్ ప్రాంతానికి ఒసాకా-కోబేలో కాన్సులేట్ ఉన్నాయి. పేరు నమోదు చేసుకోమనండి. ఇంకొక మాట. మీ భయాన్ని అమ్మాయితో చెప్పండి. దాచినా ఆమెకు తెలుస్తూనే ఉంటుంది.

ఇక వెన్నెలదారి గారి నిద్ర పట్టనివ్వని ప్రశ్న. దీని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. అక్కడే రెండేళ్లు ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకు సహాయకుడిగా పనిచేశాను.

మొదటి నెల ఒంటరితనం ఉండదు. స్వాగత సభలు, ఊరు చూపించే యాత్రలు, హాస్టల్ వంటింట్లో పది దేశాలవారు. అందరూ కొత్తవారే కాబట్టి అందరూ స్నేహానికి సిద్ధంగా ఉంటారు. అసలు కష్టం ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. దీన్ని మీకు ఎవరూ ముందు చెప్పరు. అక్టోబరులో మొదలైన సెమిస్టర్ ఫిబ్రవరి మొదట్లో ముగుస్తుంది, తరువాతిది ఏప్రిల్ దాకా మొదలు కాదు. ఒక్క సెమిస్టర్‌కే వచ్చినవారు ఆ సమయంలో తమ దేశాలకు వెళ్లిపోతారు. మీరు దగ్గరైనవారిలో సగంమంది వారే అయ్యుంటారు. జపాన్ విద్యార్థులు కొందరు సొంత ఊళ్లకు, కొందరు ఉద్యోగాల వేటకు వెళ్తారు. క్యోటో చలి అప్పుడు ముదిరి ఉంటుంది. గదిలో హీటరు ఉంటుంది, నడవాలోనూ స్నానాల గదిలోనూ ఉండదు. చీకటి త్వరగా పడుతుంది. ఆ రెండు నెలల్లో ఎంతోమంది గది దాటకుండా ఇంటివారితో వీడియో కాల్‌లో కూర్చోవడం చూశాను. తమలో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం వారిలో లేదు, ఆ క్యాలెండర్ అలాంటిది.

కాబట్టి అక్టోబరులోనే ఫిబ్రవరి గురించి ఆలోచించండి. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులతో ఎంత తిరిగినా, వారం వారం ఒకే రోజున, ఒకే చోట, అవే ముఖాలు కలిసే చోటు ఒకటి వెతుక్కోండి. అది క్లబ్బు కావచ్చు, పాడే బృందం కావచ్చు, వార్డువారు నడిపే ఉచిత జపనీస్ తరగతి కావచ్చు. క్లబ్బులు కొత్తవారిని పెద్ద ఎత్తున పిలిచేది ఏప్రిల్లో. అక్టోబరులో వచ్చినవారికి ఎవరూ కరపత్రాలు ఇవ్వరు. కాబట్టి పిలుపు కోసం చూడకుండా మీరే వారి సాధన గదికి వెళ్లి "చూడవచ్చా?" అని అడగాలి. వద్దనేవారు అరుదు. మొదటి మూడు నాలుగు వారాలు మీతో పెద్దగా మాట్లాడరు. అది అయిష్టం కాదు, మీ భాషతో ఎలా వ్యవహరించాలో వారికీ తెలియదు. ఆగకుండా వెళ్లండి. ఒక రోజు మీరు రాకపోతే "నిన్న ఏమైంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీకు అక్కడ ఒక చోటు ఏర్పడినట్టే.

ఇంజినీరింగ్ కాబట్టి మీకు ఇంకో దారి కూడా ఉంది. ఏదైనా పరిశోధనశాలలో కూర్చోవడానికి అనుమతి అడగండి. అక్కడ ఒక బల్ల దొరికితే రోజూ మధ్యాహ్నం కలిసి భోజనానికి వెళ్లే మనుషులు దొరికినట్టే. సీనియర్లు చిన్నవారి బాధ్యత తీసుకునే అలవాటు పరిశోధనశాలల్లో గట్టిగా ఉంటుంది.

ఎన్ని చేసినా మనసు కుంగితే విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో సలహాదారులు ఉంటారు, చాలాచోట్ల ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. వెళ్లడానికి సంకోచించకండి. అది మీకు అందాల్సిన సేవే.

నిలకడ

దీపస్తంభం గారు ఫిబ్రవరి గురించి రాసింది అక్షరాలా నిజం. క్లబ్బు గురించి నేను మొండిగా చెప్పింది అందుకే.

తూర్పుకిటికీ

క్యోటో సంగతులు రెండు మిగిలాయి. చెత్త: కాలే చెత్తకు నగరపాలక సంస్థ అమ్మే పసుపు సంచులే వాడాలి, దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బాలు, సీసాలు, ప్లాస్టిక్‌కు పారదర్శక సంచి. ఏ రోజు ఏది అన్నది వీధిని బట్టి మారుతుంది, ఉదయమే పెట్టాలి. తప్పు సంచి అయితే చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు, వీధంతా చూస్తుంది.

సైకిలు: ఆ ఊరికి సైకిలే హాయి. కొన్న వెంటనే దొంగతన నివారణ నమోదు చేయించాలి. సీనియర్ దగ్గర కొన్నా పేరు మార్పించుకోండి, లేకపోతే పోలీసులు ఆపి అడిగినప్పుడు అది మీదేనని నిరూపించలేరు. గొడుగు పట్టుకుని తొక్కడం నిషేధం. ఫోను చేతబట్టి తొక్కితే 2024 నవంబరు నుంచి శిక్షలు పెంచారు. స్టేషను ముందు ఎక్కడపడితే అక్కడ నిలిపితే ఎత్తుకెళ్తారు, డబ్బు కట్టి విడిపించుకోవాలి.

వెన్నెలదారి

ఫిబ్రవరి గురించి చదివాక భయం పోలేదు కానీ దానికొక తేదీ దొరికింది. తేదీ తెలిసిన భయంతో ఏదో ఒకటి చేయవచ్చు. ఆ విశ్వవిద్యాలయం జాలపుటలో వెతికితే ఒక బృందగాన క్లబ్బు కనబడింది. చిన్నప్పుడు పాట నేర్చుకున్నాను. వారికి ఇప్పుడే ఒక లేఖ రాశాను. పరిశోధనశాల కోసం ఒక ఆచార్యులవారికి కూడా రాయబోతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు చేయాల్సిన పనులు ఏమైనా ఉంటే అవి కూడా చెప్పేయండి, ఒకే చోట రాసుకుంటాను.

పచ్చగడప

ఉన్నాయి. వార్డు కార్యాలయంలో వెళ్లిపోతున్నట్టు నమోదు చేయించి, ఆరోగ్య బీమా లెక్క తేల్చుకోవాలి. నివాస కార్డును విమానాశ్రయంలో తిరిగి ఇచ్చేయాలి. బ్యాంకు ఖాతా మూసే రండి. డబ్బిస్తాం, ఖాతా మాకు వదిలేయండని అడిగేవారు తగులుతారు. అలా ఇవ్వడం అక్కడ నేరం. ఫోను ఒప్పందం రద్దు చేయించి, ఆఖరి బిల్లు ఎలా కట్టాలో తేల్చుకోండి. సైకిలును వీధిలో వదలకుండా, పేరు మార్పించి వేరే విద్యార్థికి ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం: మీరు తీసుకున్న ప్రతి కోర్సు పాఠ్యప్రణాళికను, తరగతి గంటల లెక్కతో సహా, అక్కడ ఉండగానే దించి పెట్టుకోండి. మార్కులు మార్పిడి చేసేటప్పుడు మీ కళాశాల అడిగేది అదే. విద్యార్థి ఖాతా మూతపడ్డాక అవి కనబడవు.